కుక్కరుకు ఇన్‌స్పెక్టరు ఎవరు?

మిర్యాలగూడ చుట్టుపక్కల బియ్యం మిల్లులు ఎన్నో ఉన్నాయి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు ఈ మిల్లులకు వస్తాయి. కొన్ని మిల్లుల్లో ఉప్పుడు బియ్యం తయారుచేస్తారు. ముందు వడ్లను నానబెడతారు. తర్వాత ఆవిరితో ఉడికిస్తారు. ఆరబెట్టి, ఆ తర్వాత మర ఆడిస్తారు.

ఆ ఆవిరి బాయిలర్ నుంచి వస్తుంది. బాయిలర్ అంటే నీళ్లు మరిగించే పెద్ద ఇనుప పాత్ర. అది అన్ని వైపులా మూసి ఉంటుంది. లోపల పుట్టిన ఆవిరికి బయటికి పోయే దారి దొరకదు. దాని బలం పెరుగుతుంది. ఆ బలం హద్దు దాటితే బాయిలర్ పేలిపోతుంది. మనుషుల ప్రాణాలు పోతాయి. అందుకే మన దేశంలో 1923లోనే బాయిలర్ల చట్టం చేశారు. 2025లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. చట్టం ప్రకారం బాయిలర్‌ను పరీక్ష చేయించాలి. బాగుందని సర్టిఫికెట్ ఉంటేనే నడపాలి.

అలాంటి బాయిలరే చిన్నది ఒకటి ఇళ్లల్లో ఉంది. సూర్యాపేటలో ఉంది. కోదాడలో ఉంది. చుట్టుపక్కల పల్లెల్లోనూ ఉంది. అదే ప్రెషర్ కుక్కరు. ప్రెషర్ అంటే ఒత్తిడి. ఆవిరి ఒత్తిడితో వండే పాత్ర కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది.

మిల్లు బాయిలర్‌ను చూడడానికి ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఇంటి కుక్కరును చూడడానికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. మరి దాని బాగోగులు చూసేది ఎవరు? వంట చేసే మనిషే చూడాలి. అందుకే కుక్కరు ఎట్లా పనిచేస్తుందో తెలిసి ఉండాలి. ఎక్కడ చెడుతుందో తెలిసి ఉండాలి. తెలియకపోతే రెండు రకాల నష్టం. కొందరు భయపడి కుక్కరును అటక ఎక్కిస్తారు. కొందరు భయం లేకుండా చెడిపోయిన కుక్కరుతోనే వండుతారు. మొదటి వాళ్లకు గ్యాసు, సమయం దండుగ. రెండో వాళ్లకు ఒంటికే ముప్పు.

కుక్కరు ఎట్లా పనిచేస్తుంది?

మూత లేని గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల వేడి దగ్గర మరుగుతాయి. ఆ తర్వాత ఎంత మంట పెట్టినా నీళ్ల వేడి పెరగదు. నీళ్లు ఆవిరై పోతాయి, అంతే.

కుక్కరులో అట్లా కాదు. మూత బిగుతుగా ఉంటుంది. ఆవిరి లోపలే నిలుస్తుంది. అది నీళ్లను పై నుంచి ఒత్తుతుంది. ఆ ఒత్తిడి వల్ల నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగవు. సుమారు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. వేడి ఎక్కువైతే పప్పు తొందరగా ఉడుకుతుంది. మాంసం తొందరగా మెత్తబడుతుంది.

ఈ సంగతి కొత్తది కాదు. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి దేశస్థుడు లండన్‌లో ఉన్నప్పుడు ఇలాంటి పాత్ర తయారుచేశాడు. అందులో ఎముకలు కూడా మెత్తబడేవి. ఆవిరి బలం ఎక్కువైతే ప్రమాదమని ఆయన గుర్తించాడు. బలం హద్దు దాటగానే ఆవిరిని బయటికి వదిలే ఏర్పాటు కూడా చేశాడు. అంటే కుక్కరు పుట్టిన కొద్ది కాలానికే దానికి కాపలా కూడా పుట్టింది.

మన దేశంలో 1959లో బొంబాయిలో హాకిన్స్ కంపెనీ మొదలైంది. టి.టి.కె. కంపెనీ ప్రెస్టీజ్ కుక్కర్లు దక్షిణాదిన ఇంటింటికీ తెలిసిన పేరు అయ్యాయి. మొదట్లో పట్నాల్లో ఉద్యోగస్థుల ఇళ్లల్లోనే కుక్కరు కనిపించేది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చింది. సంఘాల్లోని పేద ఆడవాళ్లకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్ర ప్రభుత్వం ఉజ్వల పథకం మొదలుపెట్టింది. గ్యాసు పొయ్యి వచ్చిన ఇళ్లకు మెల్లమెల్లగా కుక్కరు కూడా వచ్చింది.

మూత కింద ఎంత బలం?

కుక్కరు లోపల ఆవిరి ఎంత బలంగా ఒత్తుతుంది? చిటికెన వేలి గోరంత చోటు మీద సుమారు ఒక కిలో బరువు పెట్టినట్టు ఒత్తుతుంది. గోరంత చోటుకు ఒక కిలో అంటే చిన్నదే అనిపిస్తుంది. కానీ మూత మొత్తానికి లెక్క కట్టి చూడాలి.

కుక్కరు మూతి 20 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకుందాం. అంత మూత మీద అలాంటి గోరంత చోట్లు సుమారు 314 ఉంటాయి. అంటే మూతను కింది నుంచి 300 కిలోలకు పైగా బలం పైకి నెడుతుంది. మిల్లు నుంచి వచ్చే 50 కిలోల బియ్యం బస్తాలు ఆరు అంత బరువు. ఆ బలాన్ని మూత అంచు పట్టి ఆపుతుంది.

ఆవిరి ఉండగానే మూతను బలవంతంగా తీస్తే ఏమవుతుంది? ఆరు బస్తాల బలం ఒక్కసారి బయటపడుతుంది. మూత ఎగురుతుంది. ఉడుకుతున్న పప్పు మొహం మీద పడుతుంది. అందుకే మూతతో పంతం పట్టకూడదు.

ఆవిరికి మూడు దారులు

మంచి కుక్కరులో ఆవిరి బయటికి పోవడానికి ఒక దారి కాదు, రెండు మూడు దారులు ఉంటాయి. ఒకటి మూసుకుపోతే ఇంకొకటి కాపాడుతుంది.

మొదటి దారి విజిల్ గొట్టం. మూత మీద సన్నని గొట్టం ఉంటుంది. దాని మీద బరువు కూర్చుంటుంది. దాన్నే వెయిట్ అంటారు, విజిల్ అంటారు. లోపల ఆవిరి బలం సరిపడా పెరిగినప్పుడు ఆ బరువును పైకి లేపుతుంది. కొంత ఆవిరి సుయ్యిమని బయటికి పోతుంది. మళ్లీ బరువు కిందికి దిగుతుంది. ఏ కుక్కరు గొట్టానికి తగ్గట్టు దాని బరువును తయారుచేస్తారు. కాబట్టి ఒక కుక్కరు విజిల్‌ను ఇంకో కుక్కరుకు పెట్టకూడదు. విజిల్ పోతే అదే కంపెనీది, అదే రకానిది కొనాలి.

రెండో దారి సేఫ్టీ వాల్వ్. మూత మీద చిన్న బిళ్లలాగా ఉంటుంది. చాలా కుక్కర్లలో దాని నడుమ తొందరగా కరిగే లోహం ఉంటుంది. విజిల్ గొట్టం మూసుకుపోయినా, లోపల నీళ్లు ఇంకిపోయినా వేడి హద్దు దాటుతుంది. అప్పుడు ఆ లోహం కరుగుతుంది. అక్కడ రంధ్రం పడి ఆవిరి అంతా బయటికి పోతుంది. తాను పోయి ఇంటిని కాపాడే కాపలాదారు అది.

మూడో దారి రబ్బరు. దాన్ని గ్యాస్కెట్ అని కూడా అంటారు. మూతకు, గిన్నెకు నడుమ ఆవిరి కారకుండా అది ఆపుతుంది. కొన్ని కుక్కర్ల మూత అంచుకు ఒక చిన్న సందు ఉంటుంది. ఒత్తిడి మరీ పెరిగితే రబ్బరు ఆ సందులోంచి బయటికి పొంగుతుంది. ఆవిరి అక్కడి నుంచి పోతుంది.

ఈ దారులు తెరిచి ఉన్నంత కాలం కుక్కరుతో భయం లేదు. వాటిని మనమే మూస్తే ముప్పు మన చేతులతో తెచ్చుకున్నట్టే.

సేఫ్టీ వాల్వ్ పోయినప్పుడు కొందరు అక్కడ బోల్టు బిగిస్తారు. కొందరు మేకు కొడతారు. కొందరు ఎంసీలు ముద్ద పెట్టి మూస్తారు. నాలుగు రూపాయలు మిగిలాయని సంతోషిస్తారు. అది కాపలాదారును కట్టేసి తలుపు తీసి పడుకోవడం లాంటిది. వాల్వ్ పోతే కొత్త వాల్వే వేయించాలి. అదే కంపెనీది వేయించాలి.

పొయ్యి మీద పెట్టేముందు

మూత పెట్టే ముందు మూడు చూపులు చూడాలి. దీనికి అర నిమిషం చాలు.

మొదటి చూపు గొట్టం మీద. మూతను పైకెత్తి వెలుతురుకు ఎదురుగా పట్టాలి. గొట్టం రంధ్రంలోంచి వెలుతురు కనిపించాలి. కనిపించకపోతే అన్నం మెతుకో, పప్పు పొట్టో అడ్డం పడినట్టు. సన్నని తీగతో గానీ చీపురు పుల్లతో గానీ శుభ్రం చేయాలి. పుల్ల లోపల విరగకుండా చూసుకోవాలి. తర్వాత నీళ్లు పోసి కడగాలి.

రెండో చూపు రబ్బరు మీద. పగుళ్లు ఉన్నాయా? గట్టిపడిందా? సాగిపోయిందా? మెతుకులు అంటుకున్నాయా?

మూడో చూపు సేఫ్టీ వాల్వ్ మీద. దాని మీద ఎండిన పప్పు, మసి పేరుకుని ఉండకూడదు. వాల్వ్ వదులుగా కదలకూడదు.

ఎంత నింపాలి?

కుక్కరును నిండా నింపకూడదు. ఆవిరికి చోటు ఉండాలి. కూర, మాంసం లాంటివి వండేటప్పుడు మూడు వంతుల్లో రెండు వంతుల వరకే నింపాలి. బియ్యం, పప్పు, శనగలు ఉబ్బుతాయి. పప్పు నురగ కడుతుంది. వాటిని నీళ్లతో కలిపి సగం వరకే నింపాలి. అంటే 5 లీటర్ల కుక్కరులో పప్పు, నీళ్లు కలిపి రెండున్నర లీటర్లు దాటకూడదు.

పప్పు నురగ గొట్టంలోకి పోతే గొట్టం మూసుకుంటుంది. విజిల్‌తో పాటు పసుపు నీళ్లు చిమ్మే కుక్కర్లను చాలామంది చూసే ఉంటారు. అది ఎక్కువ నింపిన గుర్తు. లేదా మంట ఎక్కువైన గుర్తు. పప్పులో ఒక చెంచా నూనె వేస్తే నురగ తగ్గుతుంది.

నీళ్లు లేకుండా మూత పెట్టి పొయ్యి మీద పెట్టకూడదు. కుక్కరు పనిచేసేదే ఆవిరితో. నీళ్లు లేకుంటే ఆవిరి లేదు. అడుగు మాడుతుంది, సేఫ్టీ వాల్వ్ కరుగుతుంది. తాలింపు వేసుకోవాలంటే మూత తీసి వేసుకోవచ్చు. మూత బిగించి నూనెలో మాత్రం వేయించకూడదు.

కుక్కరు లోపల చిన్న గిన్నెలు పెట్టి కూడా వండుకోవచ్చు. ఒక గిన్నెలో బియ్యం, ఒక గిన్నెలో పప్పు, పైన ఆలుగడ్డలు. అడుగున ఒకటి రెండు గ్లాసుల నీళ్లు పోయాలి. ఒకే మంటకు మూడు వంటలు అవుతాయి. నాట్ల రోజుల్లో పొద్దున్నే పొలానికి పోయే వాళ్లకు ఇది మంచి పద్ధతి.

విజిళ్ల లెక్కనా, నిమిషాల లెక్కనా?

ఒక ఇంట్లో అత్త, కోడలు ఇట్లా మాట్లాడుకుంటున్నారు.

"ఎన్ని కూతలైనయే?"

"మూడైనయ్ అత్తమ్మా. దించనా?"

"మూడు కూతలకే పప్పు ఉడకదు. మొన్న మూడుకే దించితివి. పలుకు పలుకుగ ఉండె."

"అవతల మొన్న గూడ మూడు కూతలే గద అత్తమ్మా. అప్పుడు వెన్నలెక్క ఉడికింది."

ఇద్దరు చెప్పిందీ నిజమే. తేడా కూతల్లో లేదు, మంటలో ఉంది. మంట పెద్దగా ఉంటే ఆవిరి గబగబ పుడుతుంది. రెండు మూడు నిమిషాల్లోనే మూడు విజిళ్లు వస్తాయి. పప్పు ఉడకడానికి అంత సమయం చాలదు. మంట చిన్నగా ఉంటే అవే మూడు విజిళ్లకు పది నిమిషాలు పట్టవచ్చు. అప్పుడు పప్పు మెత్తగా ఉడుకుతుంది. విజిల్ వచ్చిందంటే ఆవిరి ఎక్కువై బయటికి పోయిందని అర్థం. పప్పు ఉడికిందని అర్థం కాదు.

కాబట్టి మంచి పద్ధతి ఇది. మొదట పెద్ద మంట పెట్టాలి. మొదటి విజిల్ రాగానే మంట బాగా తగ్గించాలి. అప్పటి నుంచి గడియారం చూసి నిమిషాలు లెక్కపెట్టాలి.

మంట తగ్గిస్తే వంట ఆలస్యం కాదా? కాదు. మొదటి విజిల్ వచ్చేసరికే లోపల వేడి పెరగాల్సినంత పెరిగింది. ఆ పైన ఎంత మంట పెట్టినా ఆవిరి విజిల్ గుండా బయటికే పోతుంది. లోపల వేడి పెరగదు. అంటే మాటిమాటికీ విజిల్ వేసే కుక్కరు గ్యాసును గాలికి వదులుతున్నట్టు. మంట కుక్కరు అడుగు దాటి పక్కలకు లేచినా గ్యాసు దండుగే.

1978లో పెట్టిన పి.సి.ఆర్.ఏ. అనే సంస్థ ఇంధనం పొదుపు గురించి ప్రచారం చేస్తుంది. మామూలు గిన్నెతో పోలిస్తే కుక్కరులో ఎంత ఇంధనం మిగులుతుందో అది లెక్క చెప్పింది. అన్నానికి నూటికి 20 పాళ్లు మిగులుతుంది. నానబెట్టిన శనగపప్పుకు నూటికి 46 పాళ్లు మిగులుతుంది. మాంసానికి నూటికి 41 పాళ్లకు పైగా మిగులుతుంది. ఇంటి గ్యాసు బండలో ఉండేది 14.2 కిలోల గ్యాసు. పొదుపుగా వాడితే అదే బండ ఎక్కువ రోజులు వస్తుంది.

ఏది ఎంతసేపు?

కింది లెక్కలు మొదటి విజిల్ వచ్చి మంట తగ్గించిన తర్వాత లెక్కపెట్టే నిమిషాలు. ఇవి సుమారు లెక్కలు. కుక్కరు, పొయ్యి, పప్పు రకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది.

బియ్యం: 3 నుంచి 5 నిమిషాలు. ఒక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు. పాత బియ్యానికి కొంచెం ఎక్కువ పోయాలి. కొత్త బియ్యానికి కొంచెం తగ్గించాలి. గ్లాసుతో కొలిచినా, సోలతో కొలిచినా నీళ్లను కూడా దానితోనే కొలవాలి. గంజి వంచే పని లేదు.

కందిపప్పు: అరగంట నానితే 5 నుంచి 8 నిమిషాలు. ఒక గ్లాసు పప్పుకు మూడు గ్లాసుల నీళ్లు. ఉప్పు, చింతపండు పులుసు తర్వాత వేసుకోవాలి. పులుపు ముందే పడితే పప్పు ఉడకడం ఆలస్యమవుతుంది.

ఆలుగడ్డలు: 6 నుంచి 8 నిమిషాలు.

శనగలు, బబ్బెర్ల లాంటి గుడాలు: రాత్రంతా నానబెట్టాలి. అప్పుడు 15 నుంచి 20 నిమిషాలు. బబ్బెర్లు శనగల కంటే ముందే ఉడుకుతాయి.

మేక మాంసం: 15 నుంచి 25 నిమిషాలు. ముదురు మాంసానికి ఎక్కువ పడుతుంది.

మొదటిసారి వండినప్పుడు పట్టిన నిమిషాలను ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితాన్ని వంటింటి గోడకు అంటించాలి. రెండోసారి ఆ లెక్క పనికొస్తుంది. ఇంట్లో ఎవరు వండినా పనికొస్తుంది. వంట ఒక్క ఆడవాళ్ల పనే కాదు కదా! మగవాళ్లు కూడా ఆ కాగితం చూసి పప్పు ఉడికించవచ్చు.

మూత తీసేటప్పుడు

కుక్కరు వల్ల దెబ్బలు తగిలేది ఎక్కువగా తొందరలోనే. పిల్లల బడి టైము, బస్సు టైము, కైకిలి టైము. ఆ తొందరలో మూత గుంజుతారు.

పొయ్యి ఆపిన తర్వాత కుక్కరును ఊరికే వదిలేయాలి. ఆవిరి దానంతట అదే చల్లబడుతుంది. దానికి పది నిమిషాలు పట్టవచ్చు. ఆ పది నిమిషాలు వృథా కాదు. లోపల వేడికి పప్పు ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. కాబట్టి పొయ్యిని కొంచెం ముందే ఆపుకోవచ్చు.

ఆ తర్వాత గరిటె కాడతో విజిల్‌ను కొంచెం పైకి లేపి చూడాలి. సుయ్యిమని చప్పుడు వస్తే ఆవిరి ఇంకా ఉన్నట్టు. ఆగాలి. చప్పుడు రాకపోతేనే మూత తీయాలి. మొహాన్ని కుక్కరు మీదికి వంచకూడదు. మూతను అవతలి వైపుకు ఎత్తాలి.

మూత రాకపోతే బలవంతం చేయకూడదు. రోకలితో కొట్టకూడదు. అట్లకాడ దూర్చి లేపకూడదు. మూత రావడం లేదంటే లోపల ఆవిరి ఉందని అది చెబుతున్నట్టే. పప్పు, జావ వండినప్పుడు విజిల్ లేపి ఆవిరిని ఒక్కసారి వదలకూడదు. వేడి నురగ చిమ్ముతుంది.

కట్టెల పొయ్యి మీద ఇంకా జాగ్రత్త కావాలి. గ్యాసు మంటను తిప్పి తగ్గించినట్టు కట్టెల మంటను తగ్గించలేం. విజిల్ రాగానే కట్టెలు బయటికి లాగాలి. మంట పిడికి తగలకుండా చూడాలి. పిడి కాలితే వదులవుతుంది. వదులైన పిడితో వేడి కుక్కరును ఎత్తకూడదు.

కుక్కరు పొయ్యి మీద పెట్టి నల్లా దగ్గరికి, దుకాణానికి పోకూడదు. చిన్నపిల్లలను దగ్గరికి రానీయకూడదు.

మన నీళ్లు, కుక్కరు మీద తెల్ల పొర

2016కు ముందు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ నల్లగొండ జిల్లాలోనే ఉండేవి. ఆ ఏడాది సూర్యాపేట వేరే జిల్లా అయింది. కోదాడ ఆ జిల్లాలో చేరింది. జిల్లాలు వేరైనా భూమి కింది నీళ్ల బాధ ఒకటే. చాలా ఊళ్లల్లో బోరు నీళ్లు గట్టి నీళ్లు. అంటే వాటిలో సున్నం లాంటి లవణాలు ఎక్కువ. అలాంటి నీళ్లు మరిగితే గిన్నె అడుగున తెల్లని పొర కడుతుంది. కుక్కరులోనూ అంతే. ఆ పొర విజిల్ గొట్టంలో కూడా పేరుకుంటుంది. గొట్టం రంధ్రం సన్నబడుతుంది.

ఈ పొర పోవాలంటే కుక్కరులో నీళ్లు పోసి, చింతపండు గానీ నిమ్మచెక్కలు గానీ వేసి, మూత లేకుండా మరిగించాలి. తర్వాత పీచుతో రుద్ది కడగాలి. గొట్టాన్ని నిమ్మ నీళ్లలో కాసేపు నాననిచ్చి తీగతో శుభ్రం చేయాలి.

నల్లగొండ ప్రాంతం నీళ్లలో ఫ్లోరైడ్ బాధ కూడా ఉంది. దాని వల్ల ఎముకలు వంగి నడవలేని వాళ్లను ఈ జిల్లా చూసింది. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని కొందరు అనుకుంటారు. పోదు. నీళ్లు ఆవిరై తగ్గుతాయి. మిగిలిన నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లతో వండకూడదు. తాగడానికే కాదు, అన్నానికీ పప్పుకూ కూడా మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడాలి.

అల్యూమినియం కుక్కరులో పులుపు కూరలు రాత్రంతా నిలువ ఉంచకూడదు. ఉప్పు, పులుపు అల్యూమినియంను తింటాయి. గుంటలు పడతాయి. వండిన వెంటనే వేరే గిన్నెలోకి తీసుకోవాలి.

రోజూ చేసే పని, ఏడాదికోసారి చేసే పని

రోజూ వంట అయిన తర్వాత రబ్బరును మూత నుంచి తీసి కడగాలి. తడి లేకుండా ఆరబెట్టాలి. విజిల్‌ను తీసి కడగాలి. మూత బిగించి కుక్కరును దాచకూడదు. మూతను తిరగేసి పెట్టాలి. రబ్బరు ఎక్కువ రోజులు వస్తుంది, వాసన రాదు.

నెలకొకసారి పిడి మరలు బిగించాలి. సేఫ్టీ వాల్వ్ చుట్టూ శుభ్రం చేయాలి.

సుమారు ఏడాదికొకసారి రబ్బరు మార్చాలి. రోజుకు రెండు మూడు సార్లు వండే ఇంట్లో ఇంకా ముందే మార్చాల్సి వస్తుంది. పాత రబ్బరును చల్లని నీళ్లలో వేస్తే కొంచెం బిగుసుకుంటుంది. అది ఆ పూటకు మాత్రమే. మూత చుట్టూ పిండి ముద్ద అంటించి వండడం మంచిది కాదు.

తేడా వస్తే ఏం చేయాలి?

ఎప్పుడూ వచ్చే సమయానికి విజిల్ రాలేదు. అప్పుడు ముందు పొయ్యి ఆపాలి. దగ్గరికి వంగి చూడకూడదు. చల్లారిన తర్వాత మూత తీసి కారణం వెతకాలి.

మూత పక్క నుంచి ఆవిరి కారుతుంటే రబ్బరు మీద అనుమానం. అంచుకు మెతుకు అంటుకుందేమో చూడాలి. రబ్బరు గట్టిపడితే మార్చాలి.

ఎక్కడి నుంచీ ఆవిరి రావడం లేదు, విజిల్ లేదు. ఇది అన్నిటికంటే ప్రమాదం. గొట్టం మూసుకుపోయి ఉండవచ్చు. పొయ్యి ఆపి దూరంగా జరగాలి. పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోకూడదు.

సేఫ్టీ వాల్వ్ పోయి ఆవిరి బుస్సున వస్తుంటే భయపడకూడదు. అది తన పని తాను చేసింది. చేయి ఆవిరికి తగలకుండా పొయ్యి ఆపాలి. చల్లారిన తర్వాత కొత్త వాల్వ్ వేయించాలి. గొట్టం ఎందుకు మూసుకుందో, నీళ్లు ఎందుకు ఇంకాయో కారణం కూడా వెతకాలి. కారణం తెలియకుండా మళ్లీ వండితే కొత్త వాల్వ్ కూడా పోతుంది.

కుక్కరు అడుగు ఉబ్బినా, గిన్నె అంచు సొట్టపోయినా, పగులు కనిపించినా దాన్ని ఇక కుక్కరుగా వాడకూడదు.

కొనేటప్పుడు అక్షరాలు చదవాలి

2021 ఫిబ్రవరి 1 నుంచి మన దేశంలో ఇంటి కుక్కర్లకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది. ఆ గుర్తు లేని కుక్కరు అమ్మడం చట్టానికి విరుద్ధం. గుర్తుతో పాటు 2347 అనే అంకె ఉందో లేదో చూడాలి. అది కుక్కర్లకు ప్రభుత్వం పెట్టిన ప్రమాణం నంబరు. ఈ నాలుగు అంకెలు చదవడం వస్తే చాలు, అసలు ఏదో నకిలీ ఏదో సగం తేలిపోతుంది.

సంతలోనో, బండి మీదనో తక్కువ ధరకు దొరికిందని గుర్తు లేనిది కొనకూడదు. దుకాణంలో బిల్లు అడగాలి. గ్యారంటీ కార్డు మీద తారీఖు వేయించుకోవాలి. కుక్కరుతో వచ్చే చిన్న పుస్తకాన్ని పారేయకూడదు. అందులో తెలుగు ఉంటే చదవాలి. లేకపోతే చదువుకున్న పిల్లల చేత చదివించుకోవాలి. రబ్బరు, విజిల్, వాల్వ్ కొనేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకుపోయి పోల్చి చూడాలి.

ఆవిరి కొడితే

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి చేయి కాలుతుంది. అప్పుడు ముందుగా గాజులు, ఉంగరాలు తీయాలి. కాలిన చోట మామూలు చల్లని నీళ్లు ధారగా 20 నిమిషాలు పోయాలి. ఐసు పెట్టకూడదు. పేస్టు, సిరా, పసుపు, కాఫీ పొడి రాయకూడదు. బొబ్బలు చిదమకూడదు. శుభ్రమైన పలుచని బట్ట కప్పాలి. మొహం మీద, కళ్లకు తగిలినా, ఎక్కువ మేర కాలినా 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి పోవాలి. గ్యాసు కారుతున్న వాసన వస్తే కిటికీలు తెరిచి 1906కు ఫోన్ చేయాలి. లైటు స్విచ్చి ముట్టుకోకూడదు.

మిల్లు బాయిలర్‌కు సర్టిఫికెట్ గోడ మీద వేలాడుతుంది. ఇంటి కుక్కరుకు ఆ సర్టిఫికెట్ ఇచ్చేది ప్రతి పూటా చూసే మూడు చూపులే. గొట్టం, రబ్బరు, వాల్వ్. ఈ మూడూ బాగుంటే ధైర్యంగా వండుకోవచ్చు. ఏ ఒక్కటి బాగాలేకపోయినా ఆ పూటకు మామూలు గిన్నెలో వండుకోవాలి. పప్పు కొంచెం ఆలస్యంగా ఉడుకుతుంది. మనిషికి ఏమీ కాదు.

ఆలోచించండి, చెప్పండి

1. ఒక కుక్కరు విజిల్‌ను ఇంకో కుక్కరుకు ఎందుకు పెట్టకూడదు?

2. మొదటి విజిల్ తర్వాత మంట ఎందుకు తగ్గించాలి?

3. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందా? ఎందుకు?

4. మీ ఇంటి కుక్కరు ఎన్ని లీటర్లది? అందులో పప్పు, నీళ్లు కలిపి ఎంతవరకు పోయవచ్చు?

చేసి చూడండి

ఈ రోజు ఇంటికి పోయి కుక్కరు మూతను వెలుతురుకు పట్టి చూడండి. గొట్టంలోంచి వెలుతురు కనిపించిందా? మూత మీద ఏ అక్షరాలు, ఏ అంకెలు ఉన్నాయో కాగితం మీద రాయండి. రేపు సంఘంలో పదిమందికి చదివి వినిపించండి.